పెద్ద కోడి వేరు, సాధు కోడి వేరు

బ్రహ్మ జాతి పుంజు మెడ సాచి నిలబడితే తల మనిషి మోకాలి పైకి వస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఓ అడుగు వెనక్కి వేస్తారు. కాసేపటికి అదే పుంజు బరువైన అడుగులు వేసుకుంటూ వచ్చి అరచేతిలో గింజలు ఏరుకుని తింటుంటే, "అబ్బ, ఎంత సాధువో! ఇలాంటివి మా పెరట్లో కూడా ఉంటే బాగుండు" అనుకుంటారు. ఆ ఒక్క క్షణంలోనే రెండు వేర్వేరు విషయాలు ఒకే ముడి పడిపోతాయి. పెద్దదనం, సాధుగుణం రెండూ పిల్లతో పాటు ఒకే ప్యాకెట్లో వస్తాయని, జాతి పేరు సరిగ్గా ఉంటే చాలని అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని మొదలుపెట్టాను. ఆ ముడి విప్పుకోవడానికి నాకు మూడు తరాల కోళ్లు పట్టాయి.

ముందు పేర్ల గొడవ. బ్రహ్మ అనగానే బ్రహ్మపుత్ర ఒడ్డున పుట్టిన కోడి అనుకుంటాం. ఆ నది పేరు మీదుగానే ఆ పేరు వచ్చింది, కానీ జాతి తయారైంది అమెరికాలో. 1840లలో షాంఘై రేవు నుంచి వెళ్లిన భారీ కోళ్లు దాని మూలం. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో, అమెరికాలో జనానికి కోళ్ల పిచ్చి పట్టింది. 1852లో జార్జ్ బర్నమ్ అనే అమెరికన్ తొమ్మిది బ్రహ్మ కోళ్లను విక్టోరియా రాణికి కానుకగా పంపాడు. దాంతో జాతికి పేరు, అతనికి వ్యాపారం రెండూ కలిసొచ్చాయి. కొచ్చిన్ కోడికీ కేరళ కొచ్చికీ సంబంధం లేదు. ఇవాళ్టి దక్షిణ వియత్నాం ప్రాంతాన్ని అప్పట్లో కొచ్చిన్ చైనా అనేవారు. అక్కడివేమో అనుకుని ఆ పేరు పెట్టారు, నిజానికి అవి కూడా చైనా నుంచి వచ్చినవే. ఆర్పింగ్టన్‌ను ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో విలియం కుక్ 1886లో బయటి ప్రపంచానికి చూపించాడు. జెర్సీ జెయింట్ అమెరికాలోని న్యూజెర్సీలో జాన్ బ్లాక్, థామస్ బ్లాక్ అనే అన్నదమ్ముల చేతిలో తయారైంది. మొదట్లో దాన్ని బ్లాక్ జెయింట్ అనడానికి కారణం నల్ల రంగు కాదు, వాళ్ల ఇంటిపేరు. 1922లో దానికి అమెరికా కోడి జాతుల ప్రమాణ గ్రంథంలో చోటు దక్కింది.

ఆ ప్రమాణాల ప్రకారం ఎదిగిన జెర్సీ జెయింట్ పుంజు 5.9 కిలోలు, పెట్ట 4.5 కిలోలు తూగాలి. బ్రహ్మ పుంజు దాదాపు 5.4, కొచ్చిన్ 5, ఆర్పింగ్టన్ 4.5 కిలోలు. ఇవన్నీ ప్రదర్శన బల్ల మీద నిలబెట్టే, ఏళ్ల తరబడి ఏరి పెంచిన కోళ్ల లెక్కలు. మామూలు హేచరీ నుంచి వచ్చిన బ్రహ్మ పిల్ల చాలాసార్లు ఆ బరువుకి చేరదు. హేచరీకి కావాల్సింది గుడ్లు. ఎక్కువ గుడ్లు పెట్టే చిన్న పెట్టల్నే తరం తర్వాత తరం వాడుకుంటూ పోతే ఒళ్లు తగ్గిపోతుంది. జాతి పేరు ఒకటే అయినా వంశం వేరన్నమాట. అందుకే పిల్లల్ని కొనేముందు జాతి అడగడం కన్నా తల్లిదండ్రుల్ని కళ్లతో చూడటం, వీలైతే తూకం వేయించుకోవడం మేలు.

కాళ్ల మీద ఈకలు చూసి "ఇది బ్రహ్మే" అని తేల్చేయడం మరో పొరపాటు. కాలి ఈకల జన్యువు బలమైనది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా పిల్లలకు ఎంతో కొంత ఈక వస్తుంది. బ్రహ్మ నెత్తిన మూడు వరుసలుగా అణిగి ఉండే చిన్న తురాయి కూడా అంతే, ఒక్క వైపు నుంచి వస్తే చాలు. కాబట్టి ఏ సంకర కోడైనా కాళ్లకు ఈకలు, నెత్తిన అణిగిన తురాయితో బ్రహ్మలా కనిపించవచ్చు. బరువు సంగతి అలా కాదు. అది ఒక్క జన్యువు పని కాదు, ఎన్నో జన్యువులు తలా కాస్త చేయి వేస్తే వచ్చేది. దాన్ని బయటి గుర్తులు చూసి చెప్పలేం.

ముందు ఎముక, తర్వాత కండ

పెద్ద కోడి అనగానే చాలామందికి బ్రాయిలర్ గుర్తొస్తుంది. రెండిటికీ పోలిక లేదు. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు, రెండున్నర కిలోలు తూగేలా తయారుచేసిన పక్షి. ఆ వయసు బ్రహ్మ పిల్ల దాని దరిదాపుల్లో కూడా ఉండదు. భారీ జాతులు ముందు అస్థిపంజరాన్ని కట్టుకుంటాయి, కండ తీరిగ్గా పట్టిస్తాయి. నాలుగైదు నెలల పుంజుని ఎత్తుకుని రొమ్ము కింద చేయి పెడితే ఎముక కత్తి అంచులా తగులుతుంది. పొడుగు కాళ్లు, బక్క ఒళ్లు, ఇంకా కుదురుకోని కూత. "సరిగ్గా తినడం లేదేమో" అని టెన్షన్ మొదలవుతుంది. ఏడెనిమిది నెలలకి గానీ ఒళ్లు నిండటం మొదలవదు. కొన్ని పుంజులు పూర్తి రూపానికి రావడానికి ఏడాది దాటుతుంది. పెట్టలూ అంతే. చిన్న జాతులు ఐదో నెలలో గుడ్డు పెడితే ఇవి ఆరు నుంచి ఎనిమిది నెలలు తీసుకుంటాయి.

ఆ బక్కతనం చూసి ఆగలేక మొక్కజొన్న గుప్పించడమే మనం చేసే పెద్ద తప్పు. పిండి పదార్థం ఎక్కువైతే కొవ్వు పడుతుందే తప్ప ఎముక కట్టదు. లేత కాళ్ల మీద బరువు ముందే పడి నడక పాడవుతుంది. పిల్లల దాణాలో మాంగనీసు, కోలిన్ తగ్గితే మడమ దగ్గర కండని ఎముకకు కలిపే స్నాయువు పక్కకి జారి కాలు మెలి తిరుగుతుంది. బి2 విటమిన్ తగ్గితే వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. అందుకే మొదటి రెండు నెలలు 20 శాతం దాకా ప్రొటీన్ ఉన్న స్టార్టర్ దాణా, ఆ తర్వాత 16 నుంచి 18 శాతం ఉన్న గ్రోయర్ పెట్టాలి. గింజలు చిరుతిండిగానే ఉండాలి. గుడ్డు పెట్టే పెట్టల (లేయర్) దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. అది ఎదిగే పిల్లలకు రోజూ పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. భారీ జాతులు ఆలస్యంగా గుడ్డుకొస్తాయి కాబట్టి ఈ పొరపాటు వీటి విషయంలోనే ఎక్కువ జరుగుతుంది. ఐదు నెలలు నిండాయని క్యాలెండర్ చూసి లేయర్ దాణాకి మార్చేస్తారు. మొదటి గుడ్డు కనిపించాక మార్చినా ఆలస్యమేమీ కాదు. కాల్షియం కోసం గుల్లల పొడి వేరే గిన్నెలో పెడితే అవసరమైన పెట్ట తనే తింటుంది.

బరువంతా పాదం మీదే

మామూలు కోళ్ల కోసం కట్టిన గూట్లో వీటిని పెడితే ముందుగా దెబ్బతినేది పాదం. నా మొదటి గూట్లో పడుకునే కర్ర నా ఛాతీ ఎత్తులో ఉండేది. సాయంత్రం నిచ్చెన మెట్ల మీదుగా ఎక్కేవి. తెల్లారి మాత్రం నేరుగా దూకేవి. ఐదు కిలోల పుంజు గట్టి నేల మీద పడిన చప్పుడు గోడ అవతలికి వినిపించేది, అయినా నాకు అర్థం కాలేదు. ఓ రోజు అది ఒక కాలు పైకెత్తి నిలబడి ఉంది. ఎత్తుకుని పాదం తిప్పి చూస్తే, మెత్తటి అడుగు భాగంలో శనగగింజంత నల్లటి పెచ్చు, చుట్టూ వాపు, తాకితే వేడి. దాన్నే బంబుల్‌ఫుట్ అంటారు. పాదం చర్మం చిట్లిన చోట స్టెఫిలోకాకస్ బాక్టీరియా చేరి లోపల గట్టి చీము గడ్డ కడుతుంది. కోడి చీము మన చీములా కారదు, జున్నులా గట్టిపడుతుంది. అందుకే పిండితే రాదు. ముదిరితే పశువైద్యుడు కోసి తీయాల్సిందే.

ఆ తర్వాత కర్రని మోకాలి ఎత్తుకి, అంటే 45 సెంటీమీటర్లకు దించాను. గుండ్రటి సన్న కర్ర తీసేసి అరచేయంత వెడల్పున్న చెక్కని, అంచులు నున్నగా చేసి పడుకోబెట్టాను. కింద పొడి ఊక మందంగా పరిచాను. చోటు కూడా ఉదారంగా ఇవ్వాలి. గూట్లో కోడికి అర చదరపు మీటరు, బయట తిరగడానికి దానికి నాలుగైదు రెట్లు ఉంటే ఊపిరాడుతుంది. గుడ్లు పెట్టే పెట్టె ఓ 40 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. గూటి తలుపు వెడల్పు కూడా చూసుకోండి. పెట్టకి సరిపోయిన తలుపులో పుంజు ఇరుక్కుని దిక్కులు చూస్తుంటే నవ్వొస్తుంది గానీ, రోజూ రెక్క రాసుకుంటే ఈకలు విరుగుతాయి.

ఈకల కాళ్లకు బురద మరో శత్రువు. వేళ్ల మధ్య బురద ఉండ కట్టి ఎండితే రాయిలా తయారవుతుంది. దాన్ని లాగితే గోరు కూడా ఊడి రావచ్చు, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వదిలించాలి. ఆ ఈకల కిందే కాలి పొలుసుల్లో మైట్స్ అనే సూక్ష్మమైన పురుగులు కాపురం పెడతాయి. నున్నని కాలు మీదైతే పొలుసులు లేచి గరుకుగా కనిపిస్తాయి, ఈకల కాలు మీద కనబడవు. నెలకోసారి ఈకలు పక్కకి తీసి చూడాలి. కనిపిస్తే పెట్రోలియం జెల్లీ దట్టంగా పూస్తే వాటికి గాలి ఆడదు. కొన్ని వారాల పాటు మళ్లీ మళ్లీ పూయాలి.

వేడి గురించి ఒక్క మాట. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం, తురాయి గుండా రక్తం చల్లబరుచుకోవడం, రెక్కలు ఎడంగా పెట్టడం, అంతే దానికున్న దారులు. బ్రహ్మకి తురాయి చిన్నది, ఈక దట్టం, ఒళ్లు పెద్దది. చలిలో ఇవి వరాలు, ఎండలో భారాలు. ఎండ ముదిరే చోట వీటిని పెంచాలంటే నీడ, గాలి, రోజుకి రెండు మూడుసార్లు మార్చే చల్లని నీళ్లు తప్పనిసరి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి దాణా తెల్లవారుజామున, సాయంత్రం పెట్టి మధ్యాహ్నం వదిలేయడం మంచిది. వీటిని నీళ్లలో నిలబెట్టి చల్లబరచాలనుకోవద్దు, కాళ్ల ఈకలు తడిసి మళ్లీ బురద కథ మొదలవుతుంది.

సాధుగుణం ఎక్కడి నుంచి వస్తుంది

భారీ జాతులు తొందరగా బెదరవు, ఎగరలేవు, ప్రతిదానికీ పరిగెత్తవు. అంతవరకు జాతి ఇచ్చేదే. ఆ పైన రెండు చేరాలి, మనిషి చేయి అలవాటవడం, ఎంపిక.

పిల్లలు పుట్టిన మొదటి రెండు వారాల్లో చేతిని ఎలా చూస్తాయన్నది చాలా దూరం పోతుంది. పైనుంచి చేయి దించితే గద్ద దిగినట్టే వాటికి. అందుకే అరచేయి నేల మీద పరిచి, అందులో కాస్త దాణా వేసి, వాటంతట అవి ఎక్కేదాకా కదలకుండా ఉండాలి. తల్లి కింద పెరిగిన పిల్లలు ఆరోగ్యంగా పెరుగుతాయి గానీ మనిషికి కాస్త దూరంగానే ఉంటాయి. తల్లి బెదిరితే అవీ బెదురుతాయి.

పుంజుల విషయంలో మాత్రం చేయి మరీ ఎక్కువైనా ముప్పే. ఒక పుంజు పిల్లని ఒళ్లో పెట్టుకుని, భుజం మీద ఎక్కించుకుని తిరిగాను. ఏడో నెలలో ఓ పొద్దున దాణా వేసి వెనుతిరిగితే పిక్క మీద రెండు కాళ్లతో తన్నింది. అది నన్ను యజమానిగా కాదు, గుంపులో మరో పుంజుగా లెక్కేసింది. అలాంటి పుంజుని కొట్టినా, దాని ముందు పరిగెత్తినా పోట్లాట ఒప్పుకున్నట్టే. చంకలో గట్టిగా, నొప్పి లేకుండా పట్టుకుని అది స్థిమితపడేదాకా పని చేసుకుంటూ తిరగడం కొన్నిటికి పనిచేస్తుంది. పనిచేసినా సరే, దాన్ని జత కట్టించకూడదు. దూకుడులో వారసత్వం వాటా ఉంది. ఎంత అందంగా, ఎంత భారీగా ఉన్నా ఇక్కడ మొహమాటపడితే తర్వాతి తరం పిల్లలన్నీ దాని బుద్ధులే చూపిస్తాయి.

సాధు కోడికి ఇంకో కష్టం, అది తోటి కోళ్లకీ సాధువే. చురుకైన చిన్న జాతులతో కలిపితే దాణా గిన్నె దగ్గర ఎంత పెద్దదైనా ఇదే పక్కకి తప్పుకుంటుంది. పగలు చూస్తే తింటున్నట్టే ఉంటుంది. రాత్రి గూట్లో కూర్చున్నాక మెడ కింద, రొమ్ముకు కుడివైపున్న మేత సంచిని తడిమి చూడండి. నిమ్మకాయంత నిండుగా తగలాలి. ఖాళీగా, వదులుగా తగిలితే ఆ రోజు దానికి తిండి అందలేదు. ఒకదానికొకటి కనబడకుండా రెండు చోట్ల గిన్నెలు పెడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది.

జత కట్టించే లెక్కలు

చిన్న జాతుల్లో ఒక పుంజుకి పది పెట్టలు చాలా మామూలు. భారీ జాతుల్లో ఆరు నుంచి ఎనిమిది దాటకపోతే మంచిది. పుంజు బరువు పెట్ట వీపు మీద పడుతుంది. వీపు ఈకలు రాలిన పెట్టలకు గుడ్డ తొడుగు వేయాలి, పుంజు కాలి ముల్లు మొన అరగదీయాలి. కొచ్చిన్, ఆర్పింగ్టన్ లాంటి బూరు ఈకల కోళ్లలో తోక కింద ఈక ఎంత దట్టమంటే కలయిక జరిగినా గుడ్డులో పిల్ల కట్టదు. అక్కడ చుట్టూ ఈకలు కత్తిరిస్తే చాలు, "ఈ పుంజు పనికిరాదు" అని వదిలేసిన పుంజే పనికొస్తుంది.

పుంజుని మార్చినప్పుడు మూడు వారాలు ఆగాలి. పెట్ట ఒంట్లో వీర్యకణాలు రెండు మూడు వారాల పాటు బతికే ఉంటాయి. కొత్త పుంజు వచ్చిన మూడో రోజు గుడ్డు పాత పుంజుదే కావచ్చు. వంశం రాసుకునేవాళ్లు తప్పేది సాధారణంగా ఇక్కడే.

రంగుతో ఒక సరదా కూడా ఉంది. పక్షుల్లో తల్లి నుంచి జెడ్ క్రోమోజోమ్ కొడుకులకే వెళుతుంది, కూతుళ్లకు వెళ్లదు. వెండి రంగు జన్యువు ఆ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కాబట్టి బంగారు రంగు ఆర్పింగ్టన్ పుంజుని తెల్లటి లైట్ బ్రహ్మ పెట్టతో కలిపితే కూతుళ్లు బంగారు ఛాయలో, కొడుకులు వెండి ఛాయలో పుడతాయి. గుడ్డులోంచి వచ్చిన రోజే నూగు చూసి పెట్టా పుంజా చెప్పవచ్చు. పుంజుని బ్రహ్మ, పెట్టని ఆర్పింగ్టన్ చేస్తే మాత్రం ఈ కిటుకు పనిచేయదు.

ఇక అసలు చిక్కు దగ్గరి రక్తం. చాలామంది ఒకే చోట ఒక పుంజుని, రెండు పెట్టల్ని కొంటారు. అవి చాలాసార్లు తోబుట్టువులే. అన్నాచెల్లెళ్లను కలిపినా, తండ్రిని కూతురితో కలిపినా పిల్లల్లో ప్రతి జన్యు స్థానంలో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివి అయ్యే అవకాశం 25 శాతం. దాని ఫలితం మొదటి తరంలో పెద్దగా కనబడదు. తర్వాత గుడ్లలో పిల్ల కట్టడం తగ్గుతుంది, పిల్ల గుడ్డులోనే చనిపోతుంది, పుట్టినవి నీరసంగా పెరుగుతాయి. బయటి నుంచి మాటిమాటికీ కొత్త కోడిని తెస్తే రోగం వస్తుంది, వంశం లక్షణమూ చెదురుతుంది. దీనికి పాత పెంపకందారులు వాడే పద్ధతి సులువైనది. మందని మూడు కుటుంబాలుగా విడగొట్టి కాళ్లకు మూడు రంగుల రింగులు వేయాలి. కూతుళ్లు ఎప్పటికీ తల్లి కుటుంబంలోనే ఉంటాయి. కొడుకులు మాత్రం పక్క కుటుంబానికి వెళతాయి, ఎర్ర రింగు పుంజు పసుపు పెట్టలకి, పసుపు పుంజు నీలం పెట్టలకి, నీలం పుంజు ఎర్ర పెట్టలకి. ఇలా తిప్పుతూ పోతే చాలా ఏళ్లు బయటి రక్తం అవసరం రాదు. పెరడు చిన్నదైతే మూడు గూళ్లు కష్టమే, అలాంటప్పుడు ఇంకో ఇద్దరు పెంపకందారులతో కలిసి తలా ఒక కుటుంబాన్ని ఉంచుకోవచ్చు.

పొదగేసే గుడ్డు మరీ పెద్దది ఎంచుకోకూడదు, రెండు సొనల గుడ్డు కావచ్చు. సన్న మొన కిందికి పెట్టి, చల్లటి చోట ఏడు రోజుల వరకు దాచవచ్చు. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్లో 37.5 డిగ్రీలు, తేమ 50 శాతం దగ్గర ఉంచి, 18వ రోజు గుడ్లు తిప్పడం ఆపి తేమని 65 శాతం పైకి తీసుకెళ్లాలి. 21వ రోజు పిల్లలొస్తాయి. కొచ్చిన్ పెట్ట చేతికి దొరికితే ఇవేవీ అక్కర్లేదు, ఏది కనిపిస్తే దాని మీద పొదుగు కూర్చుంటుంది. కానీ నాలుగు కిలోల తల్లి అడుగు తప్పితే పిల్ల నలిగిపోతుంది. గూడు నేల మీదే, లోతు తక్కువగా, లోపల తిరగడానికి చోటుతో ఉండాలి. బయటికెళ్లి వచ్చిన ప్రతిసారీ గుడ్ల మీదికి దూకాల్సిన అవసరం రాకూడదు.

గుడ్లు పొదగేసేముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. పుట్టిన పిల్లల్లో సగం పుంజులు. పది పిల్లలైతే ఐదు. పెరటికి కావాల్సింది ఒకటి. మిగతా నాలుగూ ఏడాది దాకా రోజుకి గుప్పెళ్ల కొద్దీ దాణా తింటాయి, తెల్లవారుజామున నాలుగింటికి కూస్తాయి. ఎవరికిస్తారో, ఏం చేస్తారో ముందే నిర్ణయించుకోకపోతే ఆ నాలుగింటి కోసం ఇంట్లో, పక్కింట్లో గొడవ తప్పదు.

రోగాల జాబితా పెద్దదే గానీ పెరట్లో ఎక్కువ నష్టం చేసేవి కొన్నే. కాళ్లు చచ్చుబడే మారెక్స్ రోగానికి టీకా పుట్టిన రోజే పడాలి. కొక్కెర తెగులు టీకా షెడ్యూల్ పశువైద్యుడిని అడిగి పాటించాలి. మూడు నుంచి ఆరు వారాల వయసులో నేల మీద పరిచిన ఊక తడిగా ఉంటే కాక్సిడియోసిస్ అనే పేగుల రోగం వచ్చి రెట్టలో నెత్తురు పడుతుంది. కొత్త కోడిని 30 రోజులు వేరుగా ఉంచాలి. శ్వాసరోగం తెచ్చే మైకోప్లాస్మా లాంటివి గుడ్డు ద్వారా కూడా వస్తాయి కాబట్టి "గుడ్లే కదా" అని ఎక్కడపడితే అక్కడ తెచ్చుకోవద్దు.

కిందటి విడతలో జత కట్టించే పుంజు కోసం నా దగ్గర ఇద్దరు అభ్యర్థులు మిగిలారు. ఒకటి 5.2 కిలోలు, ఛాతీ చూస్తే ముచ్చటేసేది, కానీ బకెట్ పట్టుకున్న చేతిని పొడిచేది, ఎడమ కాలి మధ్య వేలు కాస్త వంకర. రెండోది 4.6 కిలోలు. వేళ్లు తిన్నగా ఉన్నాయి, నడక సూటిగా ఉంది, పెట్టలు తింటుంటే పక్కన నిలబడి చూసేది. తూకం బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చివరికి రెండోదాన్నే ఉంచాను. దాని పిల్లలకి ఇప్పుడు పదకొండు వారాలు. ఒంట్లో కాళ్లు తప్ప ఇంకేమీ కనబడటం లేదు.